దద్దుర్లు గోకొద్దు

తమ్ముడూ,

లేచాక పొయ్యి మీదున్న సూప్ బాగా మరిగించుకుని తాగు. కోసిపెట్టిన పండ్ల జోలికి పోకు, అవి మీ బావకి. చేతుల మీద దద్దుర్లకి ఆయింట్‌మెంట్ రాసుకో, గోకావంటే ఊరుకోను. అవి ఇంకా పాకితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

పొద్దున్నే మీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. లేపుదామని వచ్చాను గానీ, ఇన్నాళ్లకి గుర్రుపెట్టి నిద్రపోతుంటే మనసొప్పలేదు. ఎముక మూలుగ పరీక్షలో లుకేమియా కణం ఒక్కటి కూడా కనబడలేదటరా! అప్పుడు నా మూలుగ ఎక్కించినా జబ్బు మళ్లీ తలెత్తింది కదా, ఈసారి ఎక్కించిన నా తెల్లకణాలు దాని పనిపట్టాయట. ఆ దద్దుర్లు కూడా వాటి నిర్వాకమేనట.

"మీ కణాలు మీ తమ్ముడి ఒంట్లో కాస్త గొడవపడుతున్నాయి. ఈ మాత్రం గొడవ మంచి గుర్తే" అంది.

"మాకది చిన్నప్పటి నుంచీ అలవాటేనండీ" అన్నాను. నవ్వుతూనే ఏడ్చేశాను. మీ బావ గడ్డం గీసుకుంటున్నవాడల్లా పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. యూనిఫాం నిండా నురగే. మార్చుకునే టైం లేదు, అలాగే డ్యూటీకి పోతున్నాను.

ఒక్క మాట. నీకు జబ్బు చేసినప్పటి నుంచి నువ్వు ఏమన్నా నోరు మూసుకుని పడ్డాను. ఫ్యాను నీ ఇష్టం, కిటికీ పక్క మంచం నీది, టీవీ నీదే రాజ్యం. ఆ వైభోగం ఇవాళ్టితో సరి.

అక్క

మరిచాను, టీవీ రిమోట్ నా సంచిలో ఉంది. సాయంత్రం నేనొచ్చాక పోట్లాడి తీసుకో.