గీత తప్పిన దెబ్బ

వదినకు,

అన్నయ్య ఒక్క ముక్కా రాయడం లేదేమని అడిగావు. ఇంక దాచలేను.

ఫిరంగి గుండు పడి మా లారీ తిరగబడింది, అంటుకుంది. దాని కింద అన్నయ్య కుడిచెయ్యి నలిగి ఇరుక్కుంది. తూటాల మధ్య పాక్కుంటూ వెళ్లాను. పక్కనున్న డ్రైవరుకు మొండెమే మిగిలింది. చెయ్యి నరికి లాగుదామని లారీలోని గొడ్డలి ఎత్తాను గాని చెయ్యాడలేదు. అన్నయ్య ఎడమచేతి వేలు నెత్తుట్లో ముంచి, మన కుట్టు దుకాణంలో గుడ్డ మీద సుద్దతో గీసినట్టే, మోచేతి కింద గీత గీశాడు.

"ఇక్కడ కొట్టరా. వంకర పోనీకు."

మొదటి దెబ్బ గీత తప్పి మోచేతిలో దిగింది.

"గీత చూసి కొట్టు" అన్నాడు అన్నయ్య.

రెండో దెబ్బకు తెగింది. మంటల్లోంచి వీపున మోసుకొచ్చాను. ఆసుపత్రిలో మోచెయ్యి కూడా తీసేశారు.

సాహసానికని నాకు పతకం ఇచ్చారు. మొదటి దెబ్బ సంగతి నీకు రాయొద్దన్నాడు అన్నయ్య. రాయకపోతే నాకు ముద్ద దిగడం లేదు.

నీ మరిది