ఆ ఒక్కసారి వెలగని ఫ్లాష్

జూలై 2004, శనివారం రాత్రి. వర్తూరు.

పొద్దున మా వీధి రూతమ్మత్త భూస్థాపనకు ఫొటోలు తీసినా. పెట్టె మూత వేసేముందు ఇంట్లోవాళ్ళంతా చుట్టూ నిలబడి ఉండే ఫొటోల్లో ఒకటి పాడైంది.

కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలిగితే, దాన్ని చూసి స్టాండు మీది పెద్దది వైరు లేకుండానే వెలగాల. ఎక్స్‌పోజరు, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు రావాలనేది, ఆ పెద్దదాన్ని నమ్ముకుని పెట్టిందే. నేను నొక్కేముందే చుట్టం ఒకాయన తన కెమెరా నొక్కినాడు. పెద్దది ఆయన ఫ్లాష్ వెలుగుకే వెలిగిపోయింది. నా వంతు వచ్చేసరికి దానికింకా ఛార్జి ఎక్కలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే కొడుకులు, కోడళ్ళు, పాస్టరుగారు, అందరూ నల్లటి ఆకారాలే. కిటికీ వెలుగు ఇద్దరి మీదే పడింది. పెట్టెలో అత్త మీద, ఆమె తలదగ్గర నిలబడిన మామ మీద. ఫ్లాష్ తప్పే, నాకు తెలుసు. అయినా మామ కూడా అత్తతోపాటు అటువైపు పోయిన మనిషిలా ఉండాడు.

తరవాత తీసినవన్నీ బాగున్నాయి. దీన్ని తీసేద్దామంటే చెయ్యి రాలేదు.

ఇంతలో అత్తామామల కూతురు ఎస్తేరు ఫోన్ చేసింది.

"అన్నా, అమ్మా నాయనా ఇద్దరే ఉండేది ఒకటి దొరుకుతుందా? ఫ్రేము కట్టించాల. నాయన పొద్దుట్నుంచి మెతుకు ముట్టలే."

"చూస్తానమ్మా" అన్నా.

అప్పటికే దాన్నే చూస్తా ఉన్నా.