గోడు లేని అర్జీ

అన్నయ్యా,

ఈ ఉదయం పత్రికవాళ్లు నన్ను విలేకరి పనిలోంచి తీసేశారు. ప్రకటనలు తెచ్చేవాడికే ఇక నర్సీపట్నం వార్తలట. నువ్వు పోయాక వదినకూ నాకూ ఉన్న ఆధారం అదొక్కటే.

మధ్యాహ్నం తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాయడానికి కూర్చున్నాను. రోలుగుంట నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె చెరుకుతోట కాలిపోయింది. వార్త రాయడం నువ్వు నేర్పినట్టే ఏం జరిగిందో, ఎప్పుడో, ఎక్కడో మొదటి వాక్యంలోనే పెట్టి, చదివి వినిపించాను.

"ఏటి బాబూ, నా గోడేదీ ఇందులో? పక్కింటోడి తోట కాలినట్టు రాసీసినావు. కాళ్లట్టుకుని ఏడిసినట్టుండాల" అంది.

పక్కన కూర్చుని అర్జీలు రాసే పాత రైటరు నవ్వాడు. "పేపరోడు గదమ్మా, ఏడుపు కనబడితే గీత గీసి కొట్టీస్తాడు."

ఆమె లేచి అతని వైపు నడిచింది. బతిమాలి ఆపాను.

"రేపు బేగొచ్చీస్తాను. అప్పటికీ ఏడుపు లేకపోతే ఆయన కాడికే పోతాను" అంది.

ఇంటికొచ్చి "మహాప్రభో" అని మొదలుపెట్టాను. నా వార్తల మీద నువ్వు గీసినట్టే గీత గీసి కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. వదినకు ఇంకా ఏమీ చెప్పలేదు.

తాసిల్దారుగారు రేపు పదింటికి అర్జీలు తీసుకుంటారు. ముసలమ్మ మొదటి బస్సుకే వస్తుంది.