గాల్లో ఒక్క నిమిషం

జూన్ 3, సోమవారం. సాయంత్రం 4:10

ఈరోజు నుంచి డైరీ. పుస్తకంలో కాదు. ఏడో క్లాసులోనే బడి మానేశా, నా చేతిరాత నాకే అర్థం కాదు. అందుకని ఫోన్లో నా నంబరుకి నేనే మెసేజ్‌లు పెట్టుకుంటున్నా. చదివేది నేనొక్కణ్ణే కాబట్టి సిగ్గు లేదు. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం నాకు నోరు పెగలదు.

అసలు విషయం. హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటున్నా!

అక్క మొగుడు, అంటే మా బావ, పొలాలకి మందు చల్లే హెలికాప్టర్ కంపెనీలో ఆయిల్ ట్యాంకర్ డ్రైవరు. అక్కడ ఆఫీసులో కొత్తవాళ్లు ప్రాక్టీసు చేసే పాత సామాను పారేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చాడు. వచ్చినవి:

కుడిచేతికి ఒక కర్ర. ఎటు వంచితే అటు పోతుంది.
ఎడమచేతికి లీవరు. పైకి లాగితే పైకి, కిందికి నొక్కితే కిందికి.
కాళ్లకి రెండు పెడల్స్. ముక్కు అటూ ఇటూ తిప్పడానికి.
ఒక కంప్యూటరు. దుమ్ముతో సహా.

వాళ్ల పెద్ద పైలట్‌ని అందరూ కెప్టెన్ గారంటారు. కింద పనిచేసే కుర్రాళ్లని తీసుకునేది ఆయనే. ట్యాంకు నింపాలి, ముందు అద్దం కడగాలి, పైపులు లాగాలి. ఈ నెలాఖరుకి ఒకడు మానేస్తున్నాడు. ఒక్క ఖాళీ. ఆయనకో పద్ధతుందట. ఇలాంటి సామాను మీద హెలికాప్టర్‌ని ఒక్క నిమిషం కదలకుండా గాల్లో నిలబెట్టి చూపించాలి. పైన కూర్చున్నవాడి అవస్థ తెలియనివాడు కింద కూడా పనికిరాడని ఆయన లెక్క.

23న, ఆదివారం, ఆయన మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. బావ పిలిచాడు.

నాలుగేళ్ల నుంచి టైర్ల షాపులో ఉన్నా. నాకు ఆ హెలికాప్టర్ పని కావాలి. ఎంత కావాలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నా. చాలా.

రూలు: పొద్దున ఆరు నుంచి ఎనిమిది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఒక్కరోజు కూడా మానకూడదు.

జూన్ 4, మంగళవారం. ఉదయం 7:55

లేచింది 2 సెకన్లు. పడింది 31 సార్లు.

తప్పు నాది కాదు, కుర్చీది. దానికి చక్రాలున్నాయి. నేను పెడల్ తొక్కితే హెలికాప్టర్ తిరగట్లేదు, నేనే వెనక్కి పోతున్నా. ఒకసారి తలుపు దాకా పోయా. తాడుతో కుర్చీని అమ్మమ్మ మంచం కోడుకి కట్టేశా. సమస్య తీరింది.

జూన్ 5, బుధవారం. ఉదయం 8:05

గట్టిగా తొక్కా. ఈసారి మంచం కూడా వచ్చింది. మంచం మీద అమ్మమ్మ ఉంది.

"ఎక్కడికి తీసుకుపోతున్నావురా నన్ను?" అంది కళ్లు తెరవకుండానే.

తర్వాత లేచి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, నేను పడటం చూస్తూ కూర్చుంది. ఎనిమిదింటి దాకా చూసింది. ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

జూన్ 7, శుక్రవారం. సాయంత్రం 6:30

4 సెకన్లు!

కిటుకు ఇది. లీవరు లేపితే ముక్కు తిరుగుతుంది. ముక్కు తిరక్కుండా పెడల్ తొక్కితే మొత్తం పక్కకి జారుతుంది. జారకుండా కర్ర వంచితే కిందికి దిగుతుంది. దిగకుండా లీవరు లేపాలి. లేపితే మళ్లీ ముక్కు తిరుగుతుంది. ఇదంతా అర్థమయ్యేలోపే పడిపోతుంది.

అయినా రెండు నాలుగైంది కదా. మూడు రోజులకోసారి రెట్టింపు. ఈ లెక్కన 23 నాటికి నిమిషం దాటిపోతుంది. రెండుసార్లు లెక్కేసి చూశా, దాటుతోంది.

జూన్ 9, ఆదివారం. ఉదయం 10:00

8 సెకన్లు. లెక్క కన్నా ఒకరోజు ముందే ఉన్నా.

అక్కకి చూపిద్దామని పిలిచా. అక్క వచ్చింది. 1 సెకను. చూడకపోతేనే బాగా వస్తుందని చెప్పా. అక్క వెళ్లిపోయింది.

జూన్ 11, మంగళవారం. సాయంత్రం 5:15

ఫోన్లో ఒక వీడియోలో ఒకాయన చెప్పాడు. అసలు హెలికాప్టర్ కర్రకి లోపల స్ప్రింగు ఉండదట. మన ఇంట్లో వాడే వాటికి ఉంటుంది, అదే చెయ్యి పాడుచేస్తుందట. సరే అని విప్పా. స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోయింది. ఈ ఇంట్లో ఒక్క నిమిషం గాల్లో ఉండే అవకాశం దానికే ఉన్నట్టుంది.

ఇప్పుడు కర్ర వదిలేస్తే నిద్రపోయినవాడి తలలాగా పక్కకి వాలిపోతోంది. 3 సెకన్లు.

జూన్ 12, బుధవారం. సాయంత్రం 4:40

ఈరోజు షాపులో లారీ టైర్లు ఆరు విప్పా. ఇనప కడ్డీ పట్టుకున్న చేత్తో ఈ చిన్న కర్ర పట్టుకుంటే దీన్నీ అలాగే పెకిలిస్తున్నా. చేతులు చల్లబడ్డాక చేద్దాం.

6:50. చల్లబడ్డాయి. ఆకలేసింది.

జూన్ 13, గురువారం

ప్రాక్టీసు లేదు. కారణాలు:

బొటనవేలు నొప్పి.
కంప్యూటరు ఏదో అప్‌డేట్ అంది. రెండు నిమిషాలంది. అయినా.
ఒకరోజు విశ్రాంతి ఇస్తే చెయ్యి దానంతటదే నేర్చుకుంటుందట. ఎవరో అన్నారు. నేనే అయ్యుంటా.

జూన్ 14, శుక్రవారం. రాత్రి 8:00

వింత జరిగింది.

బావ కంప్యూటర్లో రికార్డుల పట్టీ తెరిచాడు. ఎవరు ఎంతసేపు నిలబెట్టారో అందులో పడుతుంది. పేరు బావే పెట్టాడు: బామ్మర్ది. అన్నిటికన్నా పైన ఉంది. 1 నిమిషం 50 సెకన్లు.

బావ నన్ను రెండు చేతులతో ఎత్తి దింపాడు. ఇంతా చేసి నోరు విప్పవేంట్రా అన్నాడు. నేను నోరు విప్పలేదు. ఏం విప్పాలో తెలియలేదు. నేను చేసింది 8.

మిషను చెడిపోయి ఉంటుంది. స్ప్రింగు పోయింది కదా.

రేపు చెప్తా బావకి.

జూన్ 15, శనివారం

చెప్పలేదు. బావ ట్యాంకర్ మీద పోయాడు. ఫోన్లో చెప్పొచ్చు. చెప్పలేదు.

జూన్ 16, ఆదివారం. మధ్యాహ్నం 1:30

3 నిమిషాల 40 సెకన్లు అంటోంది పట్టీ. నిన్నటిదంట.

బావ భోజనం దగ్గరే కెప్టెన్ గారికి ఫోన్ చేశాడు. మా బామ్మర్ది నాలుగు నిమిషాలు నిలబెడుతున్నాడండీ, మీరు వచ్చి చూడటమే ఆలస్యం అన్నాడు. మిగతా ఇరవై సెకన్లు బావే కలిపాడు. అక్క నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. ఇప్పుడు చెప్తే ఆ కూర వెనక్కి తీసుకోరు కానీ, ఎలా మింగను?

సాయంత్రం కూర్చున్నా. 5 సెకన్లు.

జూన్ 17, సోమవారం

నాకు అర్థమైంది ఏంటంటే, నేను ఇంట్లో లేనప్పుడే బాగా ఎగురుతున్నా. అలాంటప్పుడు ఉండి చెడగొట్టడం ఎందుకు. ప్రాక్టీసు బంద్.

జూన్ 19, బుధవారం. ఉదయం 11:20

షాపులో కరెంటు పోయింది, గాలి కొట్టే మిషను ఆగింది. ఓనరు ఇంటికి పొమ్మన్నాడు. వచ్చేసరికి అక్క కూడా లేదు, పనికి పోయింది.

నా కుర్చీలో అమ్మమ్మ ఉంది.

కుడిచెయ్యి కర్ర మీద ఊరికే ఆనించి ఉంది. చెప్పుల్లేని కాళ్లు పెడల్స్ మీద, అవి కదులుతున్నాయో లేదో కూడా తెలియట్లేదు. తెరమీద హెలికాప్టర్, దిగే చోట గీసిన తెల్ల గుండ్రం మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. నేను గుమ్మంలో నిలబడే లెక్కపెట్టా. రెండు నిమిషాలు దాటాక తను తల తిప్పకుండానే, తలుపు వేసుకో, ఈగలొస్తాయి అంది.

దింపింది కూడా. నేను ఇంతవరకూ దింపలేదు. నావన్నీ పడ్డవే.

ఎలా అని అడిగా. అమ్మమ్మ దగ్గర నాకు మాట వస్తుంది.

"ముప్పై ఏళ్లు మిషను కుట్టాన్రా. కాలు కింద తొక్కుతూ ఉంటే, చెయ్యి గుడ్డని ఊరికే ఆనుకుని ఉండాలంతే. లాగావనుకో, సూది విరుగుతుంది. నువ్వు పొద్దున్నుంచీ లాగుతూనే ఉంటావు."

మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అన్నా. నువ్వు అడిగావా అంది.

జూన్ 20, గురువారం. సాయంత్రం 7:00

అమ్మమ్మ దగ్గర పాఠం. నా చేతిమీద తన చెయ్యి పెట్టింది. 40 సెకన్లు! చెయ్యి తీసింది. 4.

జూన్ 21, శుక్రవారం

23న చెయ్యి పెట్టి ఉంచుతావా అని అడిగా. కెప్టెన్ గారు చూడకుండా, పైన దుప్పటి కప్పుకుంటాం, నాకు జ్వరమని చెప్తాం అన్నా. అమ్మమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదు అంది.

జూన్ 22, శనివారం

రేపటికి మూడు దారులు. ఒకటి, కంప్యూటరు ప్లగ్గు పీకి పాడైందని చెప్పడం. రెండు, కెప్టెన్ గారికి కడుపునిండా పెట్టి నిద్ర వచ్చేలా చెయ్యడం. మూడు, బావకి నిజం చెప్పడం.

రెండోదే నయం.

జూన్ 23, ఆదివారం. రాత్రి 8:00

వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నెమ్మదైన మనిషి. అక్క మూడోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నిద్ర రాలేదు. నేరుగా కంప్యూటరు దగ్గరికే వచ్చాడు.

కూర్చున్నా. 6 సెకన్లు. మళ్లీ. 4. మళ్లీ. పైకి లేవకుండానే బోర్లా పడింది. అది ఎలా సాధ్యమో కెప్టెన్ గారికి కూడా తెలియలేదు.

మీరు ఎదురుగా ఉన్నారు కదండీ, బిడియం అన్నాడు బావ. ఆయన తలూపి, రికార్డుల పట్టీ తెరిచాడు. వేలితో ఒక్కొక్క వరుసా కిందికి జరుపుతూ చూశాడు.

"ఈ పెద్దవన్నీ పొద్దున పదకొండింటివి. ఆ టైముకి నువ్వు టైర్ల షాపులో ఉంటావని చెప్పాడే మీ బావ."

బావ కూడా పట్టీ చూసి, అప్పుడు నన్ను చూశాడు. ఆ మొహం చూడలేకపోయా. సెలవు పెట్టాడండీ అని బావ ఇంకా నాకోసమే ఏదో అనబోతున్నాడు. ఆ పని నాకు ఎంత కావాలో ఇంకోసారి గుర్తొచ్చింది. ఊరుకుంటే వస్తుందేమో కూడా.

"అవి మా అమ్మమ్మవండి," అన్నా.

బయటివాళ్లతో నేను ఈ సంవత్సరం మాట్లాడిన వాటన్నిటికన్నా పొడుగు మాట అది. ఎవరూ నమ్మలేదు. అక్క నవ్వింది. కెప్టెన్ గారు నవ్వలేదు, అమ్మమ్మ కోసం కుర్చీ ఆయనే వెనక్కి లాగాడు.

అమ్మమ్మ చెయ్యి తుడుచుకుని కూర్చుంది. నిలబెట్టింది. నిమిషం దాటింది. అలా నిలబెట్టే ఉంచి, ఆయనకి మంచినీళ్లెవరూ ఇవ్వలేదేంటి అని అక్కని కేకలేసింది. రెండు నిమిషాలు దాటాక, ఎక్కడ దింపమంటావు బాబూ అని అడిగింది.

కెప్టెన్ గారు తెరకి దగ్గరగా వంగాడు.

"ఎవరమ్మా నేర్పింది మీకు?"

"వీడే. వీడు చేసినట్టు చెయ్యకుండా ఉంటే చాలు, నిలబడుతుంది."

మీరే వచ్చెయ్యండి పనికి అన్నాడాయన. మోకాళ్ల నొప్పులు, వీణ్ణి తీసుకోండి అంది అమ్మమ్మ. నిమిషం నిలబెట్టనివాణ్ణి ఇంతవరకూ తీసుకోలేదమ్మా అన్నాడు. ఎప్పటిలోగా నిలబెట్టాలి అంది. ఆ కుర్రాడు ముప్పైన మానేస్తాడు అన్నాడు. కాసేపు బేరం లాగా నడిచింది. చివరికి ఆయన తన ఫోన్ నంబరు అమ్మమ్మకి ఇచ్చాడు. నేను మళ్లీ రానక్కర్లేదు, నిలబెట్టాడని మీరొక్క ఫోన్ చెయ్యండి, ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యమనండి అన్నాడు.

పోతూ పోతూ నా భుజం తట్టాడు. బావ మాత్రం సాయంత్రం దాకా మాట్లాడలేదు. తర్వాత, ఇరవై సెకన్లు నేను కూడా కలిపాలే అన్నాడు.

నాకైతే గుండె తేలికైంది. ఉద్యోగం వచ్చేసినట్టే. అమ్మమ్మ మనమనిషే కదా!

జూన్ 24, సోమవారం. ఉదయం 8:10

మనమనిషి కాదు.

అమ్మమ్మా ఒక్క ఫోన్ కొట్టెయ్యవా, నా బంగారు అమ్మమ్మవి కదా అన్నా, నిన్న రాత్రి. నిలబెట్టు, కొడతా అంది. ముప్పై సెకన్లకి కొడతావా అన్నా. కొట్టనంది. నలభై ఐదు అన్నా. దుప్పటి ముసుగు పెట్టుకుంది.

నేను ఆరింటికి అనుకున్నా, ఐదింటికే లేపింది. చెప్పులు విప్పించింది. ఎడంచెయ్యి గోళ్లు తీయించింది, లీవరుకి గీసుకుంటున్నాయట. షాపులో టైర్లు విప్పే పని ఈ వారం ఇంకొకడికి ఇమ్మని మా ఓనరుకి నా ఫోన్‌తోనే చెప్పింది. ఆయన సరే అన్నాడు. ఆయన నాకు ఇంతవరకూ దేనికీ సరే అనలేదు.

కొత్త రూలు. రూలు నేను పెట్టింది కాదు. పొద్దున ఐదు నుంచి ఎనిమిది. సాయంత్రం నాలుగు నుంచి, తనకి నిద్ర వచ్చేదాకా. ముప్పై దాకా, ఏడు రోజులు. బొటనవేలు నొప్పిని కారణంగా తీసుకోరు.

ఈరోజు నుంచి ఖచ్చితంగా చేస్తా. మొదటి రోజు, మొదటిసారి: 5 సెకన్లు.

అమ్మమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అందులో 3 అని రాసుకుంది. మిగతా రెండూ పడిపోతున్న సెకన్లంట.