మంగళవారం క్లాసు

నవంబరు 6, గురువారం
డిపార్ట్‌మెంటు, మధ్యాహ్నం

నా గడుగ్గాయికి,

నువ్వూ, అన్నయ్యగారూ, పిల్లా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ అలాగే ఉన్నానని రాయాలి గానీ, నీకు అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. బాగా లేనే. మూడేళ్ళు మాటల్లేకుండా ఉండి, పని పడగానే ఉత్తరం రాసిందని మూతి విరుస్తావు. విరువు. కానీ చివరిదాకా చదువు. చదువుకునే రోజుల్లో మన హాస్టల్లో వార్డెనమ్మ చెప్పుల చప్పుడు రెండంతస్తుల కింద ఉండగానే పసిగట్టి నిన్ను తట్టి లేపిన పాముచెవుల్ని. ఆ మాత్రం రుణం నీకు లేకపోలేదు.

సూటిగా చెబుతాను. నా మంగళవారం క్లాసు తీసేస్తున్నారు. సముద్రాల అవతలి యూనివర్సిటీతో కలిసి రెండేళ్ళుగా తెర మీద నడుపుతున్న తాగునీటి కోర్సు. ఖర్చు ఎక్కువ, పిల్లలు తక్కువ, మన పిల్లలకి మనం చెప్పుకోలేమా అని మా హెడ్డు కాగితం పంపాడు. బదులుగా వచ్చే నెల నుంచి పెద్ద హాల్లో ఫస్టియర్ వాళ్ళని నాకు అప్పగిస్తాడట. సోమవారం కమిటీలో తేలుస్తారు. ఆ కమిటీలో నువ్వున్నావు. సగం మంది అటు, సగం మంది ఇటు ఉన్నారు, నీ చెయ్యి ఎటు లేస్తే అటే. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అడుగుతున్నాను.

ఆ క్లాసు ఎలా ఉంటుందో నీకు తెలియదు. మాకు సాయంత్రం, వాళ్ళకి పొద్దున. మావాళ్ళు ల్యాబులో ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆవలిస్తుంటే, వాళ్ళు తడి జుట్టుతో, కాఫీ కప్పులతో వస్తారు. అక్కడి మేడం క్లాసు గదిలో కూడా ఉన్ని టోపీ తియ్యదు. మా పిల్లలు టోపీ మేడం అని పేరు పెట్టేశారు. అది తెలిసి ఆవిడ మురిసిపోయి ఇంకో టోపీ కొనుక్కుంది. ముందు అందరూ తమ కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి కెమెరాకి ఎత్తి చూపిస్తారు. తర్వాత ఇక్కడి నుంచి ఒకరు, అక్కడి నుంచి ఒకరు జట్టుగా పరీక్షలు చేసి, అంకెలు ఒకే పట్టికలో వేస్తారు. ఎవరు మాట్లాడినా తెర అడుగున అక్షరాలు పడతాయి కాబట్టి, యాస అర్థం కాలేదని వెనకబడేవాళ్ళు ఉండరు.

పోయిన నెల, ప్రశ్నల పుట్ట అని నేను పిలిచే మా క్లాసు అమ్మాయికీ, వాళ్ళ గళ్ళచొక్కా అబ్బాయికీ చెడింది. రెండు హాస్టళ్ళలోనూ పాతకాలం పైపులే. వాళ్ళ నీళ్ళలో సీసం ఉంది, మా నీళ్ళలో లేదు. మా పిల్ల ఎగిరిపడింది, మా నీళ్ళు బంగారమని. ఆ అబ్బాయి నమ్మలేదు. చివరికి టోపీ మేడం, సీసా ఎలా నింపుతారో ఇద్దరూ కెమెరా ముందే చేసి చూపించమంది. అప్పుడు బయటపడింది. వాళ్ళు పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్ళు పడతారు. మావాళ్ళు కాసేపు పారబోసి, తేటపడ్డాక పడతారు. రాత్రంతా పైపులో నిలిచిన సీసం ఆ పారబోసే నీళ్ళతోనే పోతోంది. మర్నాడు మొదటి నీళ్ళు పట్టి చూస్తే మాకూ ఉంది, వాళ్ళకంటే ఎక్కువే. పారబోసి పట్టమని నేర్పింది ఎవరనుకున్నావు? నేనే. అంతకుముందు నాకు నేర్పిన మాస్టారు.

ఒకే గదిలో అందరం ఒకేలా తప్పు చేస్తుంటే, అది తప్పని చెప్పేదెవరే? ఇదే హెడ్డుకి రాశాను. అయినా ఆ కాగితం వెనక్కి తీసుకోలేదు. హాస్టల్ పిల్లలు మాత్రం ఇప్పుడు కుళాయి వదిలేసి బయటి నుంచి డబ్బాలు మోసుకుంటున్నారు.

నాకు ఆ పెద్ద హాలు వద్దు. బద్ధకం అనుకోకు, గొప్పలు పోతున్నాననుకోకు. ఉన్న క్లాసుల్లోనే నామీద ఫిర్యాదులు. ప్రశ్న అడిగితే బోర్డు వైపు తిరిగిపోతానట, పొగరట. ఈ మేడంని అడగడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని ఎవడో బెంచి మీద చెక్కాడు. చదివి నవ్వాను. అందరూ వెళ్ళాక అదే బెంచి మీద కూర్చుని ఏడ్చాను. మంగళవారం ఒక్కరోజే నేను పంతులమ్మని. మిగతా రోజులు నాటకం. అదీ పోతే రాజీనామా తప్ప నాకు దారి లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. భయమేస్తోందే.

నీ కోపం నాకు తెలుసు. మీ అక్క పోయిన రోజు ఆసుపత్రి వరండాలో నువ్వు వెనక నుంచి పిలిచావు, నేను లిఫ్టెక్కి వెళ్ళిపోయాను. ఆ తర్వాత నీ ఫోన్లు ఎత్తలేదు. ఎవరికైనా మనసు విరుగుతుంది. నాకోసం కాకపోతే ఆ హాస్టల్ పిల్లల కోసం చెయ్యెత్తు. మునిగేవాళ్ళు గడ్డిపోచనైనా పట్టుకుంటారు. నేను పట్టుకున్నది గడ్డిపోచ కాదని నా ధైర్యం.

అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లకి ముద్దులు.

నువ్వు పెట్టిన పేరుతోనే,
నీ పాముచెవులు

తా.క.: కవరు అంటించబోతూ సంతకం చూసుకున్నాను. ఇంత రాసి అసలు మాట దాచి పంపితే, నువ్వు దేనికని చెయ్యెత్తాలి?

నాకు వినబడదే. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతోంది. ఇక తిరిగి రాదని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. మిషను పెట్టుకుంటే పెద్ద హాల్లో అంతా హోరు, మాట ఒక్కటీ తెలియదు. మంగళవారం మాత్రం తెర అడుగున అక్షరాలు పడతాయి. వారం మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది ఆ కాసేపే. బెంచి చెక్కినవాడు ఉన్నమాటే చెక్కాడు.

ఆ రోజు నువ్వు పిలిచావని మీ చెల్లెలు నన్ను తిడుతూ మెసేజి పెట్టేదాకా నాకు తెలియదు. అప్పటికి నువ్వు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటున్నావు. చెవిటిదాన్నని చెప్పుకోవడం కంటే పొగరుబోతుననిపించుకోవడమే నయమనుకున్నాను. ఫోను మీద నీ పేరు వెలిగినప్పుడల్లా అది ఆరిపోయేదాకా చూస్తూ కూర్చునేదాన్ని.

ఈ సంగతి కమిటీలో చెబుతావో, కడుపులో దాచుకుంటావో నీ ఇష్టం. సోమవారం ఏం తేలినా సరే, మంగళవారం సాయంత్రం మా క్లాసులోకి రా. లింకు పంపుతాను. వచ్చి, ఆ రోజు వరండాలో నా వెనక నుంచి ఏమన్నావో మళ్ళీ అను. తిట్టయినా సరే. ఈసారి చదువుకుంటాను.