ఎడమకు ఒరిగిన ఇంటి బండి

అన్న పాదాలకు మొక్కి చెల్లెలు లక్ష్మీదేవి రాస్తున్న ఉత్తరం.

నీ చెవులు ఇప్పుడెలా ఉన్నాయి? బండలు కోసే మిషన్ దగ్గర దూది పెట్టుకుంటున్నావా? వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే నీకు వినపడదు. వదినకు చెబితే ఆమె నీకు అరిచి చెప్పాలి. ఇది అరిచి చెప్పే సంగతి కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. నేనూ, మా ఆయనా బాగానే ఉన్నాం. చదువుతూ నువ్వు కంగారు పడకూడదని ఆ మాట ముందే రాస్తున్నాను.

మేం కర్నూలు వచ్చి ఎనిమిది నెలలైంది. బండల లారీ అమ్మి కొన్న ఈ పాత మినీ బస్సే మాకు ఇల్లు, ఇదే జీవనం. యాత్రికులను మంత్రాలయానికి, శ్రీశైలానికి తీసుకుపోతాం. దారిలో నేను వండిపెడతాను. బాడుగ లేని రోజుల్లో ఊరి చివర ఖాళీ స్థలంలో నిలుపుకుని ఇందులోనే ఉంటాం. ఎండ మన ఎర్రగుంట్లలో ఎంతో ఇక్కడా అంతే. మధ్యాహ్నం లోపల ఉండలేక బండి నీడన చాప వేసుకుంటాను. నీడ జరిగినప్పుడల్లా చాప జరుపుతాను. పలకరించే ఇరుగుపొరుగు లేరు. ఇక్కడ జొన్నరొట్టె బాగుంటుంది, నోరు మాత్రం సంగటినే అడుగుతుంది. అయినా బాగానే ఉన్నాం, దిగులు పడకు.

బండిలో నువ్వు వేసిచ్చిన వంట గట్టు గురించి రాయాలి అన్నా.

ఆ రోజు నువ్వు, "ముక్కాలు ఇంచీ బండ సాలు పాపా, ఇది తిరిగే బండి, ఇల్లు కాదు" అన్నావు. నేను, "ఊరందరికీ బండలు కోసిస్తావు, చెల్లెలికి ఇయ్యాలంటే బరువైందా?" అని దెప్పి, రెండు రోజులు నీతో మాట్లాడలేదు. చివరికి ఆరడుగుల నల్లబండ రెండు అంగుళాల మందాన కోసి, అద్దంలా నునుపు పట్టి, నలుగురి చేత ఎత్తించి బిగించావు. దాని కిందనే నేను బియ్యం, జొన్నలు, నీళ్ల డ్రమ్ము, గ్యాస్ సిలిండరు అన్నీ చేతికందేలా వరుసగా సర్దుకున్నాను. అన్నీ ఎడమ వైపే, వెనక చక్రానికి ఇంకా వెనక. ఎక్కినవాళ్లంతా ఎంత పొందికో అని మెచ్చుకునేవారు.

నాలుగో నెలలో ఎడమ వెనక చక్రం దగ్గర షాక్ అబ్జార్బర్ పోయింది. గుంతలో పడితే బండి ఊగిపోకుండా పట్టి ఉంచే ఆ నూనె గొట్టం నీకు తెలిసిందే. దారిలో ఒక షెడ్డులో ఆ ఒక్కటే మార్పించాం. తర్వాత అక్కడే మళ్లీ నూనె మరకలు కనిపించాయి. పైనున్న చెనక్కాయ నూనె డబ్బా కారుతోందనుకుని రోజూ గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. దాంతో ఆయన కంటికి ఏమీ కనపడలేదు.

పోయిన నెల శ్రీశైలం నుంచి దిగుతుంటే ఘాటు మలుపులో బండి ఎడమకు ఒరిగి, పడవలా రెండు మూడుసార్లు ఊగింది. హనుమక్క అనే ముసలామె బల్ల మీద నుంచి జారి పడింది. మణికట్టు విరిగింది. దగ్గరి ఆసుపత్రిలో కట్టు కట్టించి, ఆమెను కర్నూల్లో ఇంటి దగ్గర దింపాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈయనే తనను తాను తిట్టుకున్నాడు.

"నా చేతులు పోయినాయి లచ్చుమీ. ముప్పై ఏండ్లు తోలినా, ఇట్లా ఎప్పుడూ కాల్యాదు. ఇంగ స్టీరింగ్ పట్టను, బండి అమ్మేస్తా" అని తాళంచెవి నా ముందర పెట్టాడు. మరుసటి రోజు నుంచి పొద్దున లేవగానే రెండు చేతులూ ముందుకు చాపి, వణుకుతున్నాయేమో చూసుకునేవాడు. కొనేవాళ్లు ఇద్దరు వచ్చి బండి చూసిపోయారు.

నేను బండికి ఒక నోటుపుస్తకం పెట్టానని నీకు తెలుసు. ఎప్పుడు ఏది మార్చామో, ఎన్ని కిలోమీటర్లకు మార్చామో అందులో ఉంటుంది. కొనేవాళ్లకు చూపిద్దామని తిరగేస్తే, టైరు అరిగినా, షాక్ కొసన ఉండే రబ్బరు బుష్షు చినిగినా, షాక్ పోయినా ప్రతిసారీ ఎడమ వెనకే అని నేనే రాసుకున్నాను. ఆయన బయటికి పోయినప్పుడు కుట్టు టేపు తెచ్చి వెనక చక్రాల నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచాను. కుడి వైపు ఇరవై ఒక్క అంగుళాలు. ఎడమ వైపు పద్దెనిమిదిన్నరే, బండి అటు కుంగింది. టేపు చేతిలో పట్టుకుని పైకి చూస్తే ఎదురుగా ఉన్నది గట్టే.

ఆ సంగతి ఆయనకు పది రోజులు చెప్పలేదు అన్నా. ఇంట్లో అందరి తప్పులూ చూపించేది నేనే. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. గట్టు తీసేస్తే ఇది ఇల్లు కాదు, ఉత్త బస్సు అవుతుందని కూడా అనిపించింది. పొద్దున ఆయన చేతులు చాపి చూసుకుంటుంటే టీ గ్లాసు పక్కన పెట్టి, చూడనట్టు పోయేదాన్ని.

పదో రోజు హనుమక్కను చూడడానికి పోయాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒంటిచేత్తో చిక్కుడుకాయలు వలుస్తోంది.

"ఏమ్మా, నువ్వే వొస్తాండావు. మీ ఆయప్ప యాడ?" అంది.

"నీ ముందర తల ఎత్తలేక రాల్యాదక్కా. నీ చెయ్యి ఇరిగింది ఆయప్ప వల్ల కాదు, నా వల్ల" అని గట్టు సంగతంతా చెప్పేశాను.

ఆమె కాయలు పక్కన పెట్టింది. "ఈ మాట మీ ఆయప్పకు చెప్పినావా?"

"ల్యాదు."

"మరి నాకెందుకు చెప్తాండావు? నా చెయ్యి నెల దినాల్లో కూడుకుంటాది. ఆ మనిషి ఏం కావల్ల? లెయ్, పో. ఈ పొద్దు నీకు కాఫీ గూడా ఇయ్యను."

వచ్చి ఆయన ముందు నోటుపుస్తకం, టేపు పెట్టి అంతా చెప్పాను. ఆయన బండి కిందికి దూరి శానాసేపు చూశాడు. ఒంటినిండా మట్టితో బయటికి వచ్చి, "నీకు తెలిసి ఎన్ని దినాలైంది?" అని అడిగాడు.

"పది."

"పది దినాలు నా చేతులు నేను చూసుకుంటాంటే, నువ్వు ఊరికే చూస్తా ఉన్న్యావా?"

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మరుసటి రోజు తాళంచెవి తనే తీసుకుని, మెకానిక్ ఖాజా షెడ్డుకు బండి తోలాడు.

ఖాజా లోపలికి తొంగిచూసి, "ఏమన్నా, ఇది బస్సా, బండల ఫ్యాక్టరీనా? ఈ గట్టు మీద ఏనుగును పండబెట్టొచ్చు గదా!" అన్నాడు. ఆయన నవ్వలేదు. గట్టు ఊడదీశారు. వెనక షాక్‌లు రెండూ ఒకేసారి కొత్తవి వేశారు. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాని మీద భారం వేస్తుందట. చక్రం మీద బరువు మోసే ఇనుప పట్టీల కమాన్ కట్టలో, ఎడమ వైపు విరిగిన పట్టీ మార్చారు. షాక్‌ల బోల్టులు మాత్రం బండిని జాకీ మీద నుంచి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే ఖాజా గట్టిగా బిగించాడు. పైకెత్తి ఉండగానే బిగిస్తే బుష్షుల రబ్బరు మెలిపడి చినుగుతుందట. అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు ప్లైవుడ్ మీద స్టీలు రేకు కొట్టించి గట్టు చేసుకున్నాం. నీళ్ల డ్రమ్ము, బియ్యం కుడి వైపుకు మార్చాను.

నువ్వు కోసిచ్చిన బండ షెడ్డు గోడకు ఆనించి ఉంది, అంచు కూడా పెచ్చు లేవలేదు. ఎర్రగుంట్లకు ఖాళీగా వచ్చే లారీ ఏదైనా ఉంటే చెప్పు, పంపిస్తాను. నువ్వు మొదటే చెప్పావు, నేనే వినలేదు. నీ పనితనంలో తప్పేమీ లేదు, మనసు కష్టపెట్టుకోకు. లారీ వస్తే వదినతో చెప్పి రాగిపిండి, చెనక్కాయల పొడి పంపించు.

మొన్న మళ్లీ శ్రీశైలం పోయివచ్చాం. అదే మలుపులో బండి నిలకడగా దిగింది. ఆయన చేతులకు ఏమీ కాలేదు. ఇప్పుడు పొద్దున వాటిని చూసుకోవడం లేదు.

రోజూ బయలుదేరే ముందు నాలుగు మూలలూ బలంగా నొక్కి వదలమని ఖాజా చెప్పాడు. ఒక్కసారి లేచి ఆగిపోతే షాక్‌లు బాగున్నట్టు. ముందు మూలలు ఆయన చూస్తాడు, వెనకవి నేను చూస్తాను. ఎడమ మూల నొక్కి, "ఒక్కసారే లేచింది" అంటాను. ఆయన తలూపి, వచ్చి, అదే మూల తను మళ్లీ నొక్కి చూసుకుంటాడు. ఇన్నేళ్ల కాపురంలో నేను చూసి చెప్పినదాన్ని ఆయన మళ్లీ చూసుకున్నది లేదు. ఇప్పుడు రోజూ చూసుకుంటున్నాడు. నేను పక్కకు జరిగి చోటిస్తున్నాను.

వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించవద్దు అన్నా. ఆయన ఆ మూల దగ్గర ఆగకుండా, నా మాట విని, నేరుగా పోయి స్టీరింగ్ ముందు కూర్చునే రోజు రావాలని దీవించు.

నీ చెల్లెలు,
లక్ష్మీదేవి
కర్నూలు