మా కొట్టంలో ఈగలు

ప్రియమైన చిన్నోడా,

పశువుల ఆసుపత్రి ల్యాబులో రోజంతా చీమూ నెత్తురూ పరీక్షలు చేసి, ఇంటికొచ్చి అన్నం ఎలా తింటావురా అని నిన్ను ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు నా వంతు వచ్చింది. కొట్టంలో మూడు ఆవులకు కళ్లు చెడ్డాయి. మొదట నీళ్లు కారాయి, తర్వాత రెప్పలు వాచి పుసి కట్టింది, ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్ముకుంటోంది. చెంప పొడవునా తడి చార, దాని నిండా ఈగలు. చేత్తో తోలినా లేవవు. అది చూశాక చేతిలో కాఫీ తాగకుండానే పారబోశాను.

ఇదంతా పాలు పితికే పొడుగాయన నిర్వాకమే. చొక్కా ఉతికి ఎన్నాళ్లయిందో తెలియదు, పేడ చేతులతోనే ఆవుల మొహాలు నిమురుతాడు. ఆయన మీద నమ్మకం లేక కళ్లు తుడిచే పని నేనే పెట్టుకున్నాను. తెల్లారగానే వేడినీళ్ల బకెట్టు, ఉడికించిన తెల్లగుడ్డ పట్టుకుని ఉన్న పన్నెండు ఆవుల్లో చెయ్యి వేయనిచ్చిన ప్రతిదానికీ తుడుస్తున్నాను, బాగున్నవాటిని కూడా వదలడం లేదు. ఇంకేం చేయాలో రాయి.

ముక్కు మూసుకుని రాసిన,
నీ అక్క

అక్కా,

కడిగిన గ్లాసునే మళ్లీ కడిగే మనిషివి, నీ కొట్టంలో ఈ రోగమంటే నాకూ వింతగానే ఉంది. ముందు డాక్టర్ను పిలిపించు, సూదిమందు ఆయనే ఇస్తాడు. ఇది కంటికి కనబడని సూక్ష్మజీవి పని. కంటి నీళ్లలో ఉంటుంది. ఈగ ఆ నీళ్లు తాగి పక్క ఆవు కంటి మీద వాలుతుంది. ఎండ మంట, దుమ్ము, కంట్లో గుచ్చుకునే ఎత్తు గడ్డి ముందే కంటిని గీరి పెడితే రోగానికి దారి సులువు. పైకి నయమైనట్టున్న ఆవు కూడా నెలల తరబడి దాన్ని మోస్తుంది. ఈమధ్య కొత్త ఆవును కొన్నావా? ఏ ఆవుకు ఎప్పుడు వచ్చిందో, వరసలో ఎక్కడ కట్టేస్తారో రాసి పంపు.

పొడుగాయన చొక్కాను ఎంతైనా తిట్టుకో. ఆయన్ని మాత్రం తొందరపడి ఏమీ అనకు.

నీ తమ్ముడు

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చేసరికే పొడుగాయన్ని పంపేశాను. తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్న మనిషి. ఏడో ఆవుకు వచ్చిన రోజు ఆయన గోళ్లు చూసి రోత ఆపుకోలేకపోయాను. గేటు దగ్గర అందరూ వింటుండగా "నీ మురికే వీటి కళ్లు తినేసింది" అనేశాను. ఆయన పలుపుతాడు కొక్కేనికి తగిలించి, "ఆ కొమ్ముల ఆవు పాలు కూడా నేనే పితుకుతున్నానమ్మా. దానికి రాలేదు" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. కళ్లు పోగొట్టే చెయ్యి అని పేరు పడి, చుట్టుపక్కల ఏ కొట్టంలోనూ ఆయన్ని పనిలో పెట్టుకోవడం లేదట.

ఆయన వెళ్లి పది రోజులైంది. పేడంతా ఎత్తించి సున్నం చల్లించాను, ఈగలు తగ్గాయి. అయినా ఇంకో రెండింటికి వచ్చింది. మొత్తం తొమ్మిది. నువ్వడిగిన కొత్త ఆవు తలుపు పక్కన ఉంటుంది. కొన్నప్పుడే కళ్లు చెమ్మగా ఉన్నాయి, ప్రయాణపు దుమ్మనుకున్నాను. దాని పక్కదానికి మొదట వచ్చింది, అక్కడినుంచి వరసగా లోపలికి పాకింది. మధ్యలో కొమ్ములది ఒక్కటే మిగిలింది. అది పేడలోనే పడుకుంటుంది, నన్ను దగ్గరికి రానివ్వదు, చెయ్యి చాపితే కుమ్మబోతుంది. ఆ మురికిదానికి ఏమీ కాలేదు, నేను అద్దంలా తుడిచి ఉంచినవాటికే వచ్చింది. ఒళ్లు మండిపోతోంది.

నీ అక్క

అక్కా,

ఒక్కటే అడుగుతాను, కోప్పడకు. తుడిచే గుడ్డలు ఎన్ని? తలుపు దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్తావా? అన్నింటికీ అదే గుడ్డ, అదే బకెట్టు అయితే ఈరోజే ఆపెయ్యి. బాగున్నవాటిని అసలు తుడవకు. జబ్బువాటికి కంటికో దూది ఉండ వాడి వెంటనే తగలబెట్టు.

ఇది నేను మొదటి ఉత్తరంలోనే అడగాల్సింది. తుడిచేది నువ్వు కదా అని అడగలేదు. ఆ తప్పు నాది.

నీ తమ్ముడు

ప్రియమైన చిన్నోడా,

ఒకటే గుడ్డ. సాయంత్రం ఉడికించేదాన్ని, పొద్దున తలుపు దగ్గర మొదలుపెట్టి, అదే బకెట్లో ముంచి పిండుతూ చివరిదాకా వెళ్లేదాన్ని. ఈగ చేసే పనే నేనూ చేశాను, ఈగ కంటే శ్రద్ధగా. నీ ఉత్తరం చదివాక ఆ నీళ్లలోకి వంగి చూశాను. పైన తేలుతున్న పుసి చూసి వాంతి చేసుకున్నాను. రోజూ నా చేతి కిందే ఉన్నది కనబడలేదంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

డాక్టర్ సూదిమందు ఇచ్చాడు. ఎనిమిది తేరుకుంటున్నాయి. వరసలో నాలుగోదానికి ఒక కన్ను పగిలిపోయింది, ఇక చూపు రాదట.

పొడుగాయన సిమెంటు బస్తాలు దించుతున్నాడని తెలిసి వెళ్లాను. వీపంతా ఒరుసుకుపోయి ఉంది. తప్పు నాదని అక్కడ అందరి ముందూ చెప్పాను. "నీకు ముందే తెలుసా" అని ఆయన్ని అడిగితే, "కొమ్ములదాన్ని చూశాక అనుమానం వచ్చిందమ్మా. మీకు చెప్పేంత శుభ్రమైన మనిషినా నేను" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

మళ్లీ పనిలోకి రమ్మంటే మర్నాడు వచ్చాడు. కన్ను పోయినదాని దగ్గర కూర్చుని చాలాసేపు దాని మెడ నిమిరాడు. నేనూ దగ్గరికి వెళ్లబోతే లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు చేతులు కడుక్కుని రండమ్మా."

గట్టిగా అనలేదు. నేను వెళ్లి మోచేతుల దాకా రుద్ది కడుక్కుని వచ్చాను. చేతులు చాపమని, రెండు వైపులా తిప్పించి చూశాడు. ఇంకోసారి కడగమన్నాడు. కడిగాను.

నీ అక్క